చేతికి సరిపడే కటింగు కత్తెర: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా సెలూన్లలో, పార్లర్లలో పనిచేసేవాళ్ళ కోసం, సొంతంగా పిడి గీయించుకుని తయారు చేయించుకోవాలనుకునేవాళ్ళ కోసం రాసిన జవాబులివి. కొత్త కత్తెర కొనేవాళ్ళు మొదటి అయిదు ప్రశ్నలు చదివితే సరిపోతుంది.

కత్తెర చేతికి సరిపోవడం అంటే అసలు ఏమిటి?

కత్తెర పట్టుకున్నాక బొటనవేలు ఒక్కటే కదలాలి, మిగతా చెయ్యంతా ఊరుకోవాలి. ఉంగరం వేలు ఒక రింగులో కదలకుండా ఉంటుంది. చిటికెన వేలు వెనకున్న కొక్కెం మీద వాలుతుంది. చూపుడు వేలు, నడిమి వేలు పిడి కాడ మీద ఆనుకుంటాయి. బొటనవేలి కొస రెండో రింగులోకి గోరు మొదలు దాకా మాత్రమే వెళ్తుంది. అలా పట్టి పది నిమిషాలు గాలిలో ఆడించినా మణికట్టు వంగకూడదు, భుజం లేవకూడదు. లేస్తోందంటే ఆ కత్తెర ఎంత ఖరీదుదైనా మీ చేతిది కాదు.

చాలామంది కొనేటప్పుడు ముందు పొడవు చూస్తారు, తర్వాత ఉక్కు, చివరికి మెరుపు. పిడిని చూసేవాళ్ళు తక్కువ. మా లెక్కలో ఈ వరస తిరగబడాలి. బ్లేడు జుట్టును తాకుతుంది, పిడి రోజంతా మిమ్మల్ని తాకుతుంది.

సాయంత్రానికి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తోంది. కత్తెర వల్లేనా?

కావచ్చు. బొటనవేలిని పైకీ పక్కకీ లాగే రెండు స్నాయువులు మణికట్టు పక్కన ఒక ఇరుకు తొడుగులోంచి వెళ్తాయి. వేలు అదే పనిగా దూరం చాచి మూస్తుంటే ఆ తొడుగు వాచి ఇరుకవుతుంది. స్విట్జర్లాండు సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంట్లోనే ఒకసారి చూసుకోవచ్చు. బొటనవేలిని పిడికిట్లో దాచి, మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచండి. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర చురుక్కుమంటే అనుమానించాలి.

బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో చెయ్యి విదిలించుకోవాల్సి వస్తుంటే సంగతి వేరు. అది మణికట్టు మధ్యలో నరం నలగడం. వంచిన మణికట్టుతో గంటలకొద్దీ పనిచేసేవాళ్ళకు వస్తుంది. ఈ రెండింట్లో ఏదైనా రెండు మూడు వారాలకు మించి ఉంటే ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళండి. కొత్త కత్తెర నొప్పి పెరగకుండా ఆపగలదేమోగానీ, వాచిన తొడుగుకు వైద్యం చేయలేదు.

చెయ్యి ఎలా కొలవాలి?

దర్జీ టేపు, సన్నని కాగితం పట్టీ, పెన్సిలు ఉంటే చాలు. సాయంత్రం పని అయ్యాక కొలవండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో వేళ్ళు ఉబ్బుతాయి. పొద్దున్న వదులుగా ఉన్న రింగు సాయంత్రం పట్టేస్తుంది.

మొదట నడిమి వేలి పొడవు, మొదలు నుంచి కొస దాకా. తర్వాత మణికట్టు గీత నుంచి నడిమి వేలి కొస దాకా అరచేతి పొడవు. ఉంగరం వేలికి, గోటి వైపు నుంచి మొదటి కణుపుకీ రెండో కణుపుకీ మధ్య కాగితం పట్టీ చుట్టి గుర్తు పెట్టండి. వచ్చిన చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. 66 మి.మీ. చుట్టుకొలత ఉన్న వేలికి 21 మి.మీ. అన్నమాట. బొటనవేలు గోరు దగ్గర గుండ్రంగా ఉండదు, చదునుగా ఉంటుంది. అక్కడ చుట్టుకొలత తీస్తే మోసపోతాం. గోరు మొదలు దగ్గర వెడల్పు కొలవాలి. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే దవడల స్కేలు) ఉంటే మంచిదే, లేకపోతే రెండు అట్టముక్కల మధ్య వేలు పెట్టి ఆ సందును స్కేలుతో చూడండి.

అయిదో కొలతను అందరూ వదిలేస్తారు, అసలైనది అదే. చేతిని వదులుగా వేలాడదీసి, అలాగే మెల్లగా ఎత్తి, చిటికెన వేలి వైపు అంచు కాగితానికి ఆనేలా బల్ల మీద పెట్టండి. ఏ వేలినీ చాచకండి, ముడవకండి. బొటనవేలి కొస ఎక్కడికి వచ్చిందో, ఉంగరం వేలి నడిమి కణుపు ఎక్కడుందో ఇంకొకరి చేత కాగితం మీద గుర్తు పెట్టించండి. చెయ్యి ఊరుకున్నప్పుడు బొటనవేలు చూపుడు వేలి పక్కన వాలుతుంది, ఉంగరం వేలికి ఎదురుగా ఉండదు. ఆ రెండు గుర్తుల మధ్య ముందు వెనకల తేడా ఎంతో, రెండు రింగుల మధ్య అంత తేడా మీ చెయ్యి కోరుతోంది.

రింగు ఎంత ఉండాలి?

ఉంగరం వేలికి కొలిచిన వ్యాసం కంటే 1 మి.మీ. ఎక్కువ. బొటనవేలికి కొలిచిన వెడల్పు కంటే 1.5 నుంచి 2 మి.మీ. ఎక్కువ. అంతకంటే పెద్దదైతే బొటనవేలు కణుపు దాటి లోపలికి జారిపోతుంది. అప్పుడు కత్తెరను కొసతో ఆడించలేరు, వేలి మొదలు నుంచి తోయాలి. నొప్పి మొదలయ్యేది అక్కడే. మరీ బిగుతైతే వేలి పక్కలనుండే నరాలు నలిగి కొస మొద్దుబారుతుంది.

షాపులో వెర్నియర్ అడగలేం కదా. జేబులో చిల్లర పెట్టుకుని వెళ్ళండి. 2019లో వచ్చిన కొత్త సిరీస్ బిళ్ళల్లో రూపాయి 20 మి.మీ., రెండు రూపాయలది 23, అయిదు రూపాయలది 25, పది రూపాయలది 27 మి.మీ. ఉంటాయి. రెండు రూపాయల బిళ్ళ రింగులోంచి దూరి, అయిదు రూపాయలది ఆగిపోతే ఆ రింగు 23కీ 25కీ మధ్య ఉన్నట్టు. పాత సిరీస్ బిళ్ళల కొలతలు వేరు, కలపకండి.

రెండు కొలతల మధ్య ఇరుక్కుంటే పెద్ద రింగే తీసుకోండి. సిలికాన్ వాషరు వేసి తగ్గించుకోవచ్చు, చిన్న రింగును పెంచడం కుదరదు.

సమాన పిడి, ఆఫ్‌సెట్, క్రేన్... వీటి తేడా ఏమిటి?

సమాన పిడిలో రెండు రింగులూ ఎదురెదురుగా ఉంటాయి. పాత కత్తెరలన్నీ ఇవే. బొటనవేలు ఉంగరం వేలికి ఎదురుగా వెనక్కి లాగి ఉండాలి. చెయ్యి ఊరుకున్నప్పుడు అలా ఉండదని పైన కాగితం మీద చూశాం కదా.

ఆఫ్‌సెట్‌లో బొటనవేలి కాడ పొట్టిగా ఉండి, ఆ రింగు ముందుకు వస్తుంది. ఎక్కువమందికి సరిపోయేది ఇదే. కొత్తగా కొనేవాళ్ళకు మేం ముందు దీన్నే చెబుతాం.

క్రేన్‌లో ఆఫ్‌సెట్‌కు తోడు పిడి కిందికి దిగి ఉంటుంది. పైనున్న కాడ బ్లేడుతో దాదాపు ఒకే గీతలో సాగుతుంది. మోచెయ్యి కిందికి దించి పనిచేయొచ్చు. భుజం నొప్పి ఉన్నవాళ్ళు, పొడవాటి జుట్టు అడ్డంగా కత్తిరించే పార్లర్లవాళ్ళు దీన్ని పట్టి చూడాలి.

బొటనవేలి రింగు తిరిగే రకం కూడా ఉంది. దాన్ని స్వివెల్ అంటారు. బొటనవేలు ఏ కోణంలోనైనా పెట్టొచ్చు కాబట్టి మణికట్టు వంచే పని తగ్గుతుంది. అయితే ఆ తిరిగే కీలులో జుట్టు ముక్కలు, పౌడరు చేరి పట్టేస్తాయి, రోజూ శుభ్రం చేయాల్సిందే.

పొడవు ఎంత తీసుకోవాలి?

పొడవంటే మొన నుంచి వేళ్ళ రింగు చివర దాకా. చిటికెన వేలి కొక్కెం లెక్కలోకి రాదు. 5.5 అంగుళాలంటే 140 మి.మీ., 6 అంటే 152, 7 అంటే 178.

కత్తెరను అరచేతిలో పరిచి, వేళ్ళ రింగును బొటనవేలి మొదట్లో ఆనించండి. మొన నడిమి వేలి చివరి గణుపు దగ్గరికి రావాలి. ఇది మామూలు కటింగుకు. మన సెలూన్లలో ఎక్కువగా చేసేది దువ్వెన మీద కత్తెర పని. దానికి 6.5 నుంచి 7 అంగుళాలు కావాలి, లేకపోతే దువ్వెన వెడల్పుకు రెండేసి సార్లు ఆడించాలి. చెవుల చుట్టూ, ముందు జుట్టుకు 5.5 చాలు. ఒకే కత్తెరతో నెట్టుకురావాలంటే 6. చిన్న చేతులవాళ్ళు 7 అంగుళాలది కొనొచ్చు, కానీ పొడవు బ్లేడులో ఉండాలి, పిడిలో కాదు.

బొటనవేలి కదలిక గురించి ఇంత పట్టుదల ఎందుకు?

లెక్క చూడండి. 6 అంగుళాల కత్తెరలో స్క్రూ నుంచి మొన దాకా 80 మి.మీ., స్క్రూ నుంచి బొటనవేలి రింగు మధ్య దాకా 60 మి.మీ. ఉందనుకుందాం. మొనలు 40 మి.మీ. తెరిస్తే రింగులు 30 మి.మీ. ఎడమవుతాయి. ఒక కటింగుకు 500 సార్లు ఆడించి, రోజుకు పదిహేను తలలు చేస్తే 7,500 సార్లు. తెరవడం, మూయడం కలిపి ఒక్కోసారికి 60 మి.మీ. అంటే రోజుకు మీ బొటనవేలు 450 మీటర్లు నడిచినట్టు. రింగుల ఎడం 20 మి.మీ.కు తగ్గితే అది 300 మీటర్లే. సంక్రాంతి ముందు వారంలో ఆ తేడా చేతికి తెలుస్తుంది.

తగ్గించడానికి తేలికైన దారి కత్తెరను తక్కువ తెరవడం, అది అలవాటుతో వస్తుంది. రెండో దారి డిజైన్‌లో ఉంది. స్క్రూ నుంచి రింగు దూరాన్ని 60 నుంచి 50కి తగ్గిస్తే అదే 40 మి.మీ.కు రింగులు 25 మాత్రమే ఎడమవుతాయి. కానీ ఊరికే రాదండీ. మొన దగ్గర తగిలే బలం బొటనవేలి బలంలో 75 శాతం నుంచి 63కి పడిపోతుంది. పదును బాగుంటే తెలియదు, మొద్దుబారితే ముందు ఆ కత్తెరే సతాయిస్తుంది. పొట్టి పిడి గీసేవాళ్ళు బ్లేడు పదును మీద రాజీ పడకూడదు.

బరువు?

5.5 నుంచి 6 అంగుళాలవి దాదాపు 40 నుంచి 65 గ్రాములుంటాయి. బంగారం కొట్లో కాటా మీద పెట్టిస్తే నిమిషంలో తెలుస్తుంది. కానీ మొత్తం బరువు కంటే అది ఎక్కడుందో ముఖ్యం. మూసిన కత్తెరను చూపుడు వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. స్క్రూకి కాస్త వెనకగా, పిడి వైపు నిలవాలి. స్క్రూ ముందు నిలిస్తే మొన బరువు. దాన్ని ఎత్తి పట్టడానికి చిటికెన వేలు రోజంతా కొక్కేన్ని కిందికి నొక్కుతూ ఉండాలి.

సొంతంగా పిడి డిజైన్ చేయించుకోవాలి. నమూనా ఎలా తయారుచేయాలి?

ఉక్కు జోలికి వెళ్ళకముందే కనీసం మూడు నమూనాలు పాడవ్వాలి. అందుకే చవకగా మొదలుపెట్టండి.

కాగితం మీద కత్తెరను నిజం సైజులో గీసి, 4 మి.మీ. ప్లైవుడ్ మీద అంటించి, సన్న రంపంతో రెండు సగాలూ కోయించండి. రింగులను కొలత కంటే 4 మి.మీ. పెద్దగా కోయాలి. మధ్యలో నట్టు బోల్టు. ఇప్పుడు రింగుల లోపల ఎమ్‌సీల్ పెట్టాలి. చేతులకు గ్లౌజులు వేసుకుని, రెండు ముద్దలూ ఒకే రంగు వచ్చేదాకా పిసికి, రింగు లోపలి గోడకు పట్టించండి. బొటనవేలికి పల్చని ప్లాస్టిక్ కవరు చుట్టి, పని చేసే భంగిమలో అందులో పెట్టి, అయిదారుసార్లు మెల్లగా ఆడించి, వేలు తీసేయండి. కవరు లేకుండా పెడితే చర్మం మండుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్దండి.

తర్వాతి పరీక్షకు స్టాంపు ప్యాడు ఇంకు కావాలి. రెండు రింగుల లోపలా పల్చగా రాసి, ఆరకముందే కత్తెర పట్టుకుని యాభైసార్లు ఆడించి, వేళ్ళు చూసుకోండి. బొటనవేలి మెత్తటి కండ మీద బిళ్ళంత వెడల్పున మరక పడితే రింగు బాగున్నట్టు. గోరు పక్కన సన్నని గీత పడితే ఆ అంచు కోస్తోంది. అక్కడ ఇంకా గుండ్రంగా రుద్దాలి. కణుపు మీద మరక ఉంటే రింగు పెద్దది. ఉంగరం వేలికి పైవైపు మాత్రమే మరక ఉంటే, కత్తెర బరువంతా ఆ ఒక్క చోట వేలాడుతోంది, కొక్కెం స్థానం మార్చాలి.

రింగు కమ్మీ తీగలా సన్నగా ఉండకూడదు. వేలిని తాకే వైపు 5 లేదా 6 మి.మీ. వెడల్పు, అంచులు 1.5 మి.మీ. గుండ్రం ఉంటే ఒత్తిడి పరుచుకుంటుంది. బొటనవేలి రింగును నిలువుగా కాకుండా 15 నుంచి 20 డిగ్రీలు లోపలికి వంచి గీస్తే వేలు సహజంగా దూరుతుంది.

త్రీడీ ప్రింటులోనూ నమూనా చేయించుకోవచ్చు. కానీ మామూలు పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో బండి డిక్కీలో పెట్టి మరిచిపోతే తీసేసరికి వంకరపోయి ఉంటుంది.

ఉన్న కత్తెర పిడినే కమ్మరి దగ్గర వంచిస్తే సరిపోదా?

వద్దు. చల్లగా వంచితే విరగొచ్చు. వేడి చేసి వంచితే ఆ వేడి స్క్రూ దాటి బ్లేడులోకి పాకి పదును నిలిపే గట్టిదనాన్ని తీసేస్తుంది. ఇంకో సంగతి, రెండు బ్లేడులూ సన్నని వంపుతో ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి. మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి పక్కనుంచి చూస్తే మధ్యలో సన్నని సందు కనిపిస్తుంది. పిడి అర మిల్లీమీటరు మెలిపడినా ఆ నొక్కుడు చెడి, జుట్టు తెగకుండా మడతపడుతుంది.

పుర్రచేతి వాటం ఉన్నవాళ్ళు మామూలు కత్తెరతో పనిచేయొచ్చా?

పనిచేసేవాళ్ళున్నారు, చేతులు పాడుచేసుకుంటూ. కుడిచేత్తో మూసేటప్పుడు బొటనవేలు బయటికి తోస్తుంది, మిగతా వేళ్ళు లోపలికి లాగుతాయి. ఆ రెండు బలాలూ బ్లేడులను దగ్గరికి నొక్కుతాయి. అదే కత్తెర ఎడమచేతిలో ఉంటే అవే బలాలు బ్లేడులను విడదీస్తాయి. జుట్టు మధ్యలో దూరి మడతపడుతుంది. దాన్ని సరిచేయడానికి బొటనవేలిని ఎదురు దిశలో లాగి పట్టాలి, స్క్రూ అతిగా బిగించాలి. పైగా పై బ్లేడు కత్తిరించే గీతను కళ్ళకు కప్పేస్తుంది. పిడి మాత్రమే తిప్పి ఎడమచేతిదని అమ్మేవి కొనకండి. బ్లేడులే తిరగబడి ఉండాలి. ఎదురుగా ఉన్న అద్దంలో మీ పక్కవాడి కుడిచేతి కత్తెర ఎలా కనిపిస్తుందో, మీ చేతిలోది అలా ఉండాలి.

ఏ ఉక్కు మంచిది?

రోజంతా పనికి 440సి అనే స్టెయిన్‌లెస్ రకం చాలు. కార్బన్ 0.95 నుంచి 1.2 శాతం, క్రోమియం 16 నుంచి 18 శాతం, ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో 58 నుంచి 60. జపాను వీజీ-10 ఇంకాస్త గట్టిది, పదును ఎక్కువ రోజులుంటుంది, కింద పడితే మొన విరిగే ప్రమాదం కూడా ఎక్కువే. 420 రకం చవక, త్వరగా మొద్దుబారుతుంది, నేర్చుకునేవాళ్ళకు పరవాలేదు. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మీరట్ కత్తెరలు గట్టివే, కానీ వాటి పేరు ఎక్కువగా బట్ట కత్తిరించే పనిలో. బట్టకూ జుట్టుకూ ఒకే కత్తెర వాడకండి.

స్క్రూ ఎంత బిగించాలి?

ఒక రింగు పట్టుకుని, కత్తెరను కూడిక గుర్తులా తెరిచి, రెండో రింగు వదిలేయండి. కొంత దూరం పడి, మూడో వంతు తెరిచి ఉండగా ఆగాలి. టపీమని మూసుకుంటే వదులు, అసలు కదలకపోతే బిగువు. ఒకేసారి ఎనిమిదో వంతు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి. వదులు కత్తెర పదును పోయినట్టే అనిపిస్తుంది. సానకు ఇచ్చే ముందు ఈ పరీక్ష చేస్తే చాలాసార్లు ఆ ఖర్చు తప్పుతుంది.

రింగుల మధ్య రబ్బరు ముక్క పోయింది. ఏమైనా నష్టమా?

నష్టమే. అది లేకపోతే మొనలు ఒకదాన్నొకటి దాటి గీసుకుంటాయి, మూసిన ప్రతిసారీ ఇనుము దెబ్బ బొటనవేలికి తగులుతుంది. కొత్తది దొరికేదాకా సైకిలు వాల్వు ట్యూబు ముక్క పెట్టుకోవచ్చు. మొనలు సరిగ్గా కలిసేంత మందమే ఉండాలి. ఎక్కువైతే మొన దగ్గర తెగదు.

కొబ్బరినూనె వేయొచ్చా? మా దగ్గర అదేగా ఎప్పుడూ ఉండేది.

అంబాజీపేట నూనె తలకు రాయండి, స్క్రూకు వద్దు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. మార్గశిర, పుష్య మాసాల్లో పొద్దున్నే కత్తెర బరువుగా కదలడానికి కారణం ఇదే. మిగతా రోజుల్లో జుట్టు ముక్కలతో కలిసి జిగురవుతుంది. ఆ జిగురును తోసేది మళ్ళీ బొటనవేలే. కుట్టుమిషను నూనె ఒక చుక్క, స్క్రూ దగ్గర, రాత్రి షాపు మూసేముందు. నాలుగుసార్లు తెరిచి మూసి మెత్తటి గుడ్డతో తుడవండి.

నరసాపురం, అంతర్వేది, యానాం వైపు ఉప్పుగాలి తగులుతుంది. స్టెయిన్‌లెస్ అయినా ఉప్పుకు చిన్న చిన్న గుంటలు పడుతుంది. బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టినా అదే జరుగుతుంది. శుభ్రానికి 70 శాతం ఐసోప్రొపైల్ స్పిరిట్ వాడి, పూర్తిగా ఆరనిచ్చి, నూనె గుడ్డ తగిలించి పెట్టెలో పెట్టండి. తడి తోలు సంచిలో పెడితే తెల్లారేసరికి మరకలు. మంగళవారం షాపు సెలవైతే ఆ రోజు అన్ని కత్తెరలూ విప్పి తుడవడం మంచి అలవాటు.

సైకిలు మీద వచ్చే సాన బాబాయికి ఇవ్వొచ్చా?

వంటింటి కత్తులు, దర్జీ కత్తెరలు ఇవ్వండి, వాటికి ఆయన చెయ్యి బాగా తిరిగి ఉంటుంది. కటింగు కత్తెర అంచు బయటివైపు ఉబ్బుగా, లోపల పల్లంగా ఉంటుంది. లోపలి అంచున వెంట్రుకంత మెరిసే గీత ఒకటి పొడవునా సాగుతుంది, రెండు బ్లేడులూ రాసుకునేది ఆ గీత మీదే. తిరిగే రాయి ఆ గీతను తినేస్తే మళ్ళీ రాదు. అంచు మీద నీలం రంగు కనిపిస్తే వేడికి గట్టిదనం పోయినట్టు. ఈ రకం అంచుకు నీటిరాతి మీద చేత్తో పట్టేవాళ్ళను వెతకండి. తిరిగొచ్చాక తడి టిష్యూ కాగితాన్ని మొన దాకా కత్తిరించి చూడండి. చిరిగినా, మడతపడినా అక్కడికక్కడే చెప్పండి.

రింగు తగిలే చోట ఎర్రగా దద్దురు వస్తోంది.

చవక కత్తెరల మీద నికెల్ పూత చెమటకు కరిగి కొందరికి పడదు. రింగుకు సిలికాన్ వాషరు వేయండి. తగ్గకపోతే చర్మ డాక్టరుకు చూపించండి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా భుజం లాగుతోంది. ఎందుకు?

కుర్చీ చూడండి. కస్టమరు తల మీ ఛాతీ ఎత్తులో ఉంటే మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంటుంది. చాలా పాత కుర్చీల్లో ఎత్తు మార్చే పెడలు పాడై ఒకే ఎత్తులో ఉండిపోతాయి. పొడుగు మనిషి కూర్చుంటే మోచెయ్యి భుజం దాకా లేస్తుంది. దాన్ని ఏ పిడీ సరిచేయలేదు. పెడలు బాగుచేయించండి, లేదా నిలబడడానికి ఒక చెక్క పీట వేసుకోండి.

కొత్త పిడికి అలవాటు పడడానికి ఎన్ని రోజులు?

పదేళ్ళు సమాన పిడి పట్టిన చేతికి ఆఫ్‌సెట్ మొదటి వారం పరాయిగా ఉంటుంది. ఆదివారం రద్దీలో మొదలుపెట్టకండి. బుధవారం, గురువారం మధ్యాహ్నాలు రెండు మూడు తలలకు వాడి, మిగతా వాటికి పాతదే పట్టండి. రెండు వారాల తర్వాత కూడా ఒకే చోట ఎర్రని గుర్తు పడుతుంటే, అలవాటు కాలేదని సరిపెట్టుకోవద్దు. ఇంకు పరీక్ష మళ్ళీ చేసి, మరక ఎక్కడ పడిందో చూసి ఆ చోట రింగు మార్పించండి.